ఒక స్టారు హోటలు, మూడో అంతస్తు: ఫ్లోరెన్స్ ప్రయాణంపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: పంతులమ్మ గారికి నమస్కారాలు. నేను పోస్టాఫీసులో చేసి రిటైరయ్యాను. మాది శ్రీకాకుళం, ఏడు రోడ్ల కూడలికి దగ్గర్లోనే ఇల్లు. మా అబ్బాయికి జర్మనీలో ఉద్యోగం. అక్టోబరు ఆఖర్లో మమ్మల్నిద్దర్నీ రమ్మన్నాడు. వచ్చాక ఇటలీ వెళ్లి ఫ్లోరెన్స్‌లో నాలుగు రాత్రులు ఉండి రమ్మంటున్నాడు. వాడికి సెలవు లేదు, మేమిద్దరమే వెళ్లాలి. రైల్వే స్టేషన్ దగ్గర ఒక స్టారు హోటల్లో, మూడో అంతస్తులో గది చూశాడు. ఫొటోలో మంచం, కిటికీ, బీరువా తప్ప ఏమీ కనబడవు. మా ఆవిడ "అంత దూరం పోయి లాడ్జిలో దిగడమేటి" అంటోంది. ఆవిడకి మోకాళ్ల నొప్పులు కూడా. మీరు వెళ్లొచ్చానని ఇదే శీర్షికలో ఓసారి రాశారు. ఒక స్టారు అంటే ఎలా ఉంటుంది? పరువుగా ఉంటుందా?

జవాబు: తమ్ముడూ, లాడ్జి అనడంలో మరదలి తప్పేం లేదు. మా విజయనగరంలోనూ హోటలంటే ఇడ్లీ తినే చోటు, పడుకునేది లాడ్జిలో. ఇటలీ వాళ్లకీ ఆ తేడా ఉంది. పడుకునే చోటు అల్బేర్గో, భోజనం చేసే చోటు త్రత్తోరియా. మీ అబ్బాయి చూసింది అల్బేర్గో. అది లాడ్జీ కాదు, పెద్ద హోటలూ కాదు. పాత మేడలో ఒక అంతస్తుని గదులుగా విడగొట్టి నడుపుకునే సంసారం లాంటిది. కింద దుకాణం, మొదటి అంతస్తులో వకీలు ఆఫీసు, రెండో దాంట్లో ఎవరో కాపురం, మూడో దాంట్లో మీ హోటలు. మేం దిగింది అచ్చం అలాంటి దాంట్లోనే.

ముందు స్టారు సంగతి. అక్కడ స్టార్లు అందానికో శుభ్రానికో ఇచ్చే మార్కులు కావు. గదిలో బాత్రూం ఉందా, రిసెప్షన్లో మనిషి ఎన్ని గంటలుంటాడు, లిఫ్టు ఉందా అని లెక్కపెట్టి ఇస్తారు. లెక్కలో తక్కువైతే ఒక స్టారు. మా గదిలో దుప్పట్లు ఇస్త్రీ మడతతో ఉండేవి, నేల అద్దంలా ఉండేది. టీవీ లేదు, ఫ్రిజ్ లేదు, టీ కాచుకునే కెటిల్ అసలే లేదు. పరువుకేం లోటు రాలేదు. మన వైపు ఒకాయన మూడు స్టార్ల హోటల్లో దిగి నల్లులతో కుట్టించుకున్నాడని మా మేనల్లుడు చెప్పాడు. కాబట్టి స్టార్లు కాదు, ఈ మధ్య ఆర్నెల్లలో దిగినవాళ్లు ఏం రాశారో చదవమనండి మీ అబ్బాయిని. అందులోనూ "మెట్లు", "చప్పుడు", "వాసన" అన్న మాటలు వెతకమనండి.

ఇప్పుడు మరదలి మోకాళ్లు. డబ్బు కట్టే ముందు ఇదొక్కటీ తేల్చుకోండి. మూడో అంతస్తు అంటే మన లెక్కే, నేల మీదిది కాక మూడు. కానీ అవి మన మేడలు కావు. నాలుగైదు వందల ఏళ్ల నాటి ఇళ్లలో ఒక్కో అంతస్తు కప్పు మన రెండు గదుల ఎత్తుంటుంది. మధ్యలో లెక్కలోకి రాని పొట్టి అంతస్తు ఒకటి దూరిస్తే మూడోది కాస్తా అయిదోదవుతుంది. లిఫ్టు ఉందా అనడిగి ఊరుకోకండి. వీధి తలుపు దగ్గర్నించి ఉందా, అందులో ఇద్దరు మనుషులూ ఒక పెట్టే పడతారా అని అడగండి. మా దాంట్లో లిఫ్టుంది. అది మొదలయ్యేది పద్నాలుగు మెట్లెక్కాక! ఇనుప బోను లాంటి పెట్టె, లోపల రెండు రెక్కల చెక్క తలుపులు. దిగినవాళ్లు ఆ రెక్కలు సరిగ్గా మూయకపోతే కింద మనం ఎంత నొక్కినా కదలదు. రెండో రోజు మా మాస్టారు (మా ఆయన, లెక్కల టీచరుగా చేశారు) కింద నిలబడి "తలుపెయ్యండ్రా నాయనా" అని తెలుగులోనే కేకేశారు. పైనెవరో వేశారు కూడా.

వీధి తలుపు గురించి నన్నెవరూ హెచ్చరించలేదు, మీకు చెబుతున్నాను. మేం రోమ్ నుంచి రైల్లో వెళ్లాం. స్పీడు రైలు గంటన్నరలో దింపేస్తుంది, అదే ప్యాసింజరైతే మూడు గంటలు దాటుతుంది. స్టేషన్ పేరు సాంతా మరియా నొవెల్లా, ఊరి నడిబొడ్డునే. అక్కణ్ణించి నడక పది నిమిషాలని హోటలు వాళ్లు రాశారు. రాళ్లు పరిచిన వీధిలో చక్రాల పెట్టె లాగుతూ ఇరవై అయిదు పట్టింది. చేరేసరికి రాత్రి పదిన్నర. హోటలు బోర్డు అరచేయంత ఉంది. మనిషి రెండు నిలువులంత తలుపు, పక్కన ఇత్తడి పలకలో బొత్తాలు. మా హోటలు పేరున్న బొత్తాం నొక్కితే పలికే నాథుడు లేడు. రిసెప్షన్ ఎనిమిదికే కట్టేస్తారట. తలుపు తెరుచుకునే అంకెలు పొద్దున్నే మెయిల్ పంపారట. మేం దాన్ని అడ్వర్టైజుమెంటనుకుని చూడనేలేదు. పావుగంట వీధిలో నిలబడ్డాక, కుక్కని తిప్పి వస్తున్న ఓ ముసలాయన మమ్మల్నీ మా పెట్టెల్నీ ఎగాదిగా చూసి తన తాళంతో తీశాడు. ఆ రాత్రి ఆయన రాకపోతే మా మాస్టారి చేత జన్మంతా దెప్పించుకునేదాన్ని. మీరు ఏ వేళకి చేరతారో ముందే రాసి, ఆ వేళకి మనిషి ఉంటాడని జవాబు తెప్పించుకోండి. ఆ జవాబు కాగితం మీద అచ్చు తీసి జేబులో పెట్టుకోండి.

బాత్రూం. గదిలోనే ఉందో, వరండా చివర నలుగురికీ కలిపి ఉందో కనుక్కోండి. ఒక స్టారులో రెండూ ఉంటాయి. లోపల కమోడు పక్కనే తొట్టి లాంటిది ఇంకొకటి, దానికో కొళాయి కనబడతాయి. మా మాస్టారు దాన్ని కాళ్లు కడుక్కునేదనుకుని రెండు రోజులు అలాగే వాడారు. దాన్ని బిడే అంటారు, మనకి నీళ్లు కావలసిన పని కోసమే. ఇళ్లలో ఒక బాత్రూంలోనైనా అది ఉండి తీరాలని 1975లో అక్కడ ప్రభుత్వం నిబంధన పెట్టింది. యూరప్‌లో కాగితంతో సరిపెట్టుకోవాలేమోనన్న మన బెంగ ఇటలీలో అక్కర్లేదు. అయినా ఒక ప్లాస్టిక్ మగ్గు పట్టుకెళ్లండి, మన అలవాటు మనది.

షవరు పక్కన గోడకి సన్నటి తాడొకటి వేలాడుతుంది. నేనది బట్టలారేసుకునే తాడనుకున్నాను. మా మాస్టారి పొందూరు తుండుగుడ్డ తడిపి దాని మీద వేశాను. ఎక్కడో గంట మోగడం మొదలెట్టింది. "ఇదేటి, ఇస్కూలు గంటా?" అంటున్నారాయన. ఇంతలో తలుపు మీద దబదబా బాదుడు. హోటలు నడిపే ఆవిడ రొప్పుకుంటూ వచ్చింది. నేను తువ్వాలు వైపు చూపిస్తే తల పట్టుకుని, గుమ్మానికి చేరగిలబడి నవ్వింది. స్నానంలో పడిపోయినవాళ్లు సాయం కోసం లాగే తాడట అది. మర్నాటి నుంచి నన్ను చూస్తే చాలు, తాడు లాగినట్టు చెయ్యి ఆడించేది. ఆ దెబ్బతో మాకు స్నేహం కుదిరి, రోజూ పొద్దున్న రెండో కప్పు కాఫీ ఊరికే ఇచ్చేది.

మీరు వెళ్లే నెలకి సంబంధించిందొకటి. గదులు వెచ్చబెట్టే యంత్రం ఎప్పుడు వెయ్యాలన్నది కూడా అక్కడ సర్కారు లెక్కే. ఫ్లోరెన్స్‌కి మామూలుగా నవంబరు 1 నుంచి ఏప్రిల్ 15 దాకా, రోజుకి 12 గంటలకి మించకుండా. మేమూ అక్టోబరు ఆఖర్లోనే వెళ్లాం, రాతి గోడలు రాత్రికి మంచులా ఉండేవి. హీటరు పనిచెయ్యడం లేదని మా మాస్టారు తగువుకి దిగితే, ఆవిడ గోడ మీద క్యాలెండరు చూపించి ఇంకో రెండు రగ్గులు ఇచ్చింది. మీరు దిగగానే అడిగి తెచ్చుకోండి.

దిగినప్పుడు పాస్‌పోర్టులు అడుగుతారు, భయపడకండి. వచ్చినవాళ్ల వివరాలు పోలీసులకి పంపడం ప్రతి హోటలు విధి. రాసుకుని తిరిగిచ్చేస్తారు. తలకి ఇంతని రాత్రికి కొద్ది యూరోలు ఊరి పన్ను కూడా ఉంటుంది. పన్నెండేళ్ల లోపు పిల్లలకి లేదు. స్టార్లు పెరిగితే అదీ పెరుగుతుంది, ఒక స్టారు వాళ్లకి అందులోనూ లాభమే. గది అద్దె ఆన్‌లైన్‌లో కట్టేసినా ఈ పన్ను చాలాసార్లు హోటల్లోనే కట్టించుకుంటారు. చిల్లర ఉంచుకోండి. మా గది రాత్రికి 58 యూరోలు పడింది, అప్పటి మాట.

ఇంత చెప్పి అక్కడ చూసేదేంటో చెప్పకపోతే బాగుండదు. ఊళ్లో పెద్ద గుడి, అంటే చర్చి, దాని మీద గుమ్మటం 1420లో మొదలెట్టి 1436లో ముగించారు. బ్రునెల్లెస్కీ అనే ఆయన కింద నుంచి చెక్క దన్ను పెట్టకుండా ఇటుకతో లేపాడు. పైకి 463 మెట్లు, లిఫ్టు లేదు. మరదల్ని ఎక్కించకండి. మీరెక్కాలన్నా టిక్కెట్టు ముందే కొనుక్కోవాలి. కానీ అరసవల్లి పక్కనున్నవారు కాబట్టి ఒకటి చెబుతాను. మార్చిలో, అక్టోబరులో మన సూర్యనారాయణమూర్తి పాదాల మీద కిరణాలు పడతాయి కదా. ఆ గుమ్మటం కొసలో కూడా 1475 ప్రాంతంలో తొస్కనెల్లి అనే పండితుడు ఒక కన్నం ఏర్పాటు చేశాడు. జూన్ 21 అటూ ఇటూగా మధ్యాహ్నం వేళ సూర్యుడి బింబం దాదాపు తొంభై మీటర్ల ఎత్తు నుంచి దిగి, నేల మీద పాలరాతి బిళ్ల మీద కూర్చుంటుంది. మీరు వెళ్లేసరికి ఆ బింబం ఉండదు. బిళ్ల ఎక్కడుందో అడిగి చూసి రండి. నేను అడగలేదు, ఇంటికొచ్చాక తెలిసింది. ఆ బాధ ఇంకా ఉంది.

సోమవారం ఉఫీత్సీ మ్యూజియమూ, దావీదు విగ్రహం ఉన్న అకాదేమియా రెండూ మూసేస్తారు. మీ నాలుగు రోజుల్లో సోమవారం పడితే ఆ రోజు నది ఒడ్డుకి పొండి. పాత వంతెన మీద వరసగా బంగారం కొట్లు. ఒకప్పుడవి మాంసం కొట్లు, 1593లో అక్కడి ప్రభువు వాళ్లని లేపేసి కంసాలుల్ని కూర్చోబెట్టాడు. కొన్ని వీధుల్లో గోడలకి తలకంటే ఎత్తున గీత చెక్కిన రాతి పలకలుంటాయి. 1966 నవంబరు 4న ఆర్నో నది అంతవరకూ వచ్చిందన్నమాట. నాగావళి పొంగుడు చూసినవారికి ఆ గీత దగ్గర కాసేపు నిలబడాలనిపిస్తుంది.

ప్రశ్న: అమ్మా, మాది బొబ్బిలి. పెళ్లయి ఏడాది. మేమూ అలాంటి చిన్న హోటల్లోనే దిగబోతున్నాం. నేను మాంసం తినను. చిన్న రైస్ కుక్కరు, ఆవకాయ, నెయ్యి పట్టుకెళ్లొచ్చా?

జవాబు: కుక్కరు వద్దమ్మా. గదిలో వండొద్దని తలుపు వెనకే రాసుంటుంది. పాత మేడల్లో కరెంటు తీగలూ పాతవే, నీ అన్నం ఉడికేలోగా అంతస్తంతా చీకటవుతుంది. నెయ్యి, కోవా, పాలతో చేసినవేవీ పెట్టెలో పెట్టకు. బయటి దేశాల నుంచి పాలూ మాంసమూ యూరప్‌లోకి తేనివ్వరు, పట్టుకుంటే పారేస్తారు. ఆవకాయ నూనె పైకి తేలకుండా గట్టిగా ఉన్నది చిన్న సీసాలో వేసి, మూడు కవర్లలో చుట్టు. అది నీకు అక్కరకొస్తుంది. ఎందుకంటే ఆ ఊరి రొట్టెలో ఉప్పు వెయ్యరు. పొరపాటున మర్చిపోవడం కాదు, వందల ఏళ్లుగా వాళ్ల పద్ధతే అది. చప్పిడి పథ్యం రొట్టె లాగుంటుంది. ఆవకాయ రాసుకుంటే మాత్రం, అమ్మా, ఏం చెప్పను!

బయట తినాలంటే పాప్పా అల్ పొమొదోరో అడుగు. ఎండిన రొట్టె, టమాటా కలిపి ఉడికించిన జావ, మన టమాటా పప్పుకి దూరపు చుట్టం. జున్ను, అదే చీజు, వెయ్యొద్దని చెప్పు. అక్కడి పర్మిజానో జున్నుని దూడ కడుపులోంచి తీసే పదార్థంతో తోడేస్తారు, అది నీకు పనికిరాదు. కాఫీ నిలబడి తాగు, కుర్చీలో కూర్చుంటే బిల్లు పెరుగుతుంది. భోజనానికి కూర్చుంటే తలకి ఇంతని "కొపెర్తో" వేస్తారు. అది మోసం కాదు, మెనూ కార్డు మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. మంచినీళ్లు కొనక్కర్లేదు, కొళాయి నీళ్లు తాగొచ్చు.

ఇంకోటి. గది తీసుకునేటప్పుడు "మత్రిమొనియాలే" అంటే ఒకటే పెద్ద మంచం, "దొప్పియా" అంటే రెండు విడి మంచాలు. పెళ్లయి ఏడాదే అన్నావు గనక చెబుతున్నాను.

ప్రశ్న: విజయనగరం నుంచి డిగ్రీ విద్యార్థిని. మేడం, ఫోన్ ఛార్జరుకి వేరే పిన్ను కావాలా? భాష రాకపోతే ఎలా?

జవాబు: కరెంటు మనలాగే 230 వోల్టులు. సన్నటి రెండు పిన్నుల ఛార్జరు అక్కడి ప్లగ్గులో దూరుతుంది. మన లావు మూడు పిన్నులది దూరదు, దానికి అడాప్టరు కొనుక్కో. భాషకి బెంగ పెట్టుకోకు. వాళ్ల మాటలు చాలావరకు మన మాటల్లాగే అచ్చుతో ముగుస్తాయి, నోరు తిరగడం తేలిక. వాళ్ల మాటల్లో సీ, హెచ్ అక్షరాలు పక్కపక్కన ఉంటే "చ" అనకు, "క" అను. తాళంచెవిని నేను మూడు రోజులు "చియావే" అన్నాను. నాలుగో రోజు మా తాడు స్నేహితురాలు "కియావే" అని దిద్ది, అరకిలో ఇత్తడి గుండు కట్టిన తాళంచెవి చేతిలో పెట్టింది. బయటికెళ్తూ దాన్ని రిసెప్షన్లో ఇచ్చేసి వెళ్లాలి. మా మాస్టారు జేబులో వేసుకుని ఊరంతా తిరిగారు, సాయంత్రానికి ప్యాంటు జేబు చిరిగింది.