అమ్మలూ, తాతయ్య గురించి రాసేముందు

చిరంజీవి అమ్మలుకి అత్తయ్య ఆశీస్సులు.

తాతయ్య సంవత్సరీకం లోపల ఆయన జీవితం పుస్తకంగా రాస్తానన్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దివిసీమలో మూడెకరాల మాగాణి చేసుకుని బతికిన మనిషి గురించి రాయాలని మనవరాలికి తోచిందంటే కడుపు నిండిపోయింది. ఆ వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది. నీది హడావుడి స్వభావం. ఓ రెండ్రోజులు సెలవు పెట్టి వచ్చి, అందరినీ కుర్చీల్లో కూర్చోబెట్టి, ప్రశ్నల చిట్టా చదివేసి వెళ్ళిపోతావేమోనని నా భయం.

ఫోన్లో రికార్డు చేసినవి ఏ రోజుకారోజు ఇంకోచోట కూడా దాచు. పాత ఫొటోల వెనక పేర్లు పెన్సిల్‌తో రాయి. ఇవన్నీ నీకు తెలిసినవే.

తాతయ్య పుట్టినరోజు ఆధార్‌లో జులై 1 అని ఉంటుంది, అది నమ్మకు. బళ్ళో చేర్చిన రోజున పంతులుగారు వేసిన తేదీ అది. ఆ తరంలో చాలామందికి అంతే. నానమ్మను ఏ సంవత్సరం అని అడిగితే చెప్పలేదు. బెజవాడ ఆనకట్టకు గండి పడేటప్పటికి తాతయ్య ఎంతవాడని అడుగు, అది 1952. నయాపైసలు వచ్చేటప్పటికి మీ పెళ్ళయిందా అని అడుగు, అది 1957. కరణాలు, మునసబులు పోయింది 1984లో, మండలాలు వచ్చింది ఆ మరుసటేడు. మిగతా సంగతులన్నీ మన వైపు ఉప్పెనకు ముందా తర్వాతా అన్న లెక్కలోనే దొరుకుతాయి.

ఆ ఉప్పెన గురించే నా బెంగంతా. ఇక్కడినుంచి నిదానంగా చదువు.

ఉప్పెన వచ్చి పాతికేళ్ళయినప్పుడు మన బంధువుల్లో ఒకబ్బాయి వీడియో కెమెరా పట్టుకొచ్చాడు. మంచి మనసుతోనే వచ్చాడు. తాతయ్య చేత ఇస్త్రీ పంచె కట్టించి, వాకిట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టి, చుట్టూ జనం మూగి ఉండగా "ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పండి" అన్నాడు. వెనకనుంచి ఎవరో "గట్టిగా చెప్పు, ఇటు చూడు" అంటూనే ఉన్నారు. ఆయన చెప్పింది నాలుగు ముక్కలు. 1977 నవంబరు 19, శనివారం. గాలి. సముద్రం మీదికొచ్చింది. చాలామంది పోయారు. పేపర్లో ఎవరైనా చదువుకోగలిగినవే. ఆ వీడియోలో బిగదీసుకుని కూర్చున్న మనిషి మా నాన్నలాగే లేడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఎవరైనా ఉప్పెన మాటెత్తితే చాలు, లేచి పొలానికి వెళ్ళిపోయేవాడు.

నాకు ఆయన చెప్పింది గోగునారతో తాడు పేనుతూ. పండక్కి వచ్చి, అవతలి కొస పట్టుకుని కూర్చున్నాను, అంతే. ఏమీ అడగలేదు. చేతులు ఆడుతుంటే ఆయనకు మాట వచ్చేది. ఆ సాయంత్రం గాలి ముదిరాక మమ్మల్ని బడి డాబా ఎక్కించి, పలుపులు విప్పేద్దామని ఆయన పశువుల పాకకు పరిగెత్తాడు. అది మాకూ తెలుసు. అక్కడేం జరిగిందో మాత్రం తెలియదు. ఎద్దుల్ని విప్పాడట. చూడిగేదె ముడి వానకు నాని బిగుసుకుపోయింది. గోళ్ళతో లాగాడు, పళ్ళతో లాగాడు. కొడవలి ఇంట్లో ఉండిపోయింది. నీళ్ళు మోకాళ్ళు దాటాయి. వదిలేసి వచ్చాడు. అంతవరకు చెప్పి, పేనుతున్న తాడు ఆపకుండానే "ఆ ముడి నేనే వేశానమ్మా" అన్నాడు.

ఆ తర్వాత ఆయన ఏ పశువుకూ జారుముడి తప్ప వేయలేదు. పాక గుంజకు ఎప్పుడూ ఒక కొడవలి దోపి ఉండేది. చిన్నప్పుడు నువ్వు అది తీయబోతే కసిరాడు, ఏడ్చుకుంటూ నా దగ్గరికొచ్చావు, గుర్తుందా? నిన్ను పల్లెత్తు మాట అనని మనిషి ఆరోజు ఎందుకు కసిరాడో ఇప్పుడు నువ్వే రాయాలి.

ఆ తర్వాతి ఏళ్ళు కూడా వదలకు. ఉప్పునీళ్ళు నిలిచిన చేలో నారు పోస్తే మాడిపోయేది. కాలవ నీళ్ళు పెట్టి నిలవగట్టడం, మురుగు కాలవలోకి వదిలేయడం, మళ్ళీ పెట్టడం, జీలుగ చల్లి దున్నేయడం. చిటికెడు మట్టి నాలుక మీద వేసుకుని, ఉమ్మేసి, ఇంకా ఉందని తల అడ్డంగా ఊపేవాడు. ఆ రోజుల్లోనే నన్ను ఇంటర్‌తో మాన్పించాడు. అదీ రాయి, తాతయ్యను దేవుణ్ణి చేయకు. చేతిలో రూపాయి లేదని కూడా పక్కనే రాయి.

నానమ్మ దగ్గర చింతపండు గింజలు తీస్తూ కూర్చో. ఆ రాత్రి గురించి నువ్వై కదిలించకు. మధ్యాహ్నం దాటితే ఆవిడకు ఓపిక ఉండదు. అంతకన్నా ముందు, తాతయ్యతో కుప్పలు వేసిన ముసలాయన పేటలో ఉన్నాడు, అక్కడికి వెళ్ళు. మన ఇంట్లో కనపడని తాతయ్య ఆయనకు తెలుసు, ఇన్నేళ్ళలో మనవాళ్ళెవరూ ఆయన్ను అడగలేదు. కుడిచెవి వినపడదు, ఎడమవైపు కూర్చో. రోడ్డు మీద నిలబడి మాట్లాడకు. వాళ్ళింట్లోకి వెళ్ళి, ఇచ్చిన టీ తాగి, "తాతా" అని పిలువు. మొన్న చూసినప్పుడు బాగా నీరసంగా ఉన్నాడు. నేను తొందరపెట్టేది ఈ ఒక్క విషయంలోనే.

ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే తిండి ధ్యాస ఉండదట నీకు. ఇక్కడికొచ్చి అలా చేస్తే ఊరుకోను. పగటి బస్సుకే రా, విజయవాడలో ఎక్కగానే ఫోన్ చెయ్యి, అవనిగడ్డ బస్టాండులో ఉంటాను.

అటక మీది రేకుపెట్టె పాతసామాన్లవాడికి వేసేస్తానంటున్నాడు మీ నాన్న. అందులో ఉప్పెన తర్వాతి శిస్తు రసీదులు, సొసైటీ అప్పు కాగితాలు ఉన్నాయి. నా మాట వినడు, నీ మాట వింటాడు. ఉత్తరం చదవగానే ముందు ఫోన్ చేసి ఆపు.

మీ అత్తయ్య