ఒక మంచం దగ్గర్నుంచి ఇంకో మంచం దాకా

వృద్ధాశ్రమాల్లోనూ ఇళ్లలోనూ పెద్దవాళ్లను చూసుకునేవారు పంపిన ప్రశ్నలకు ఈ వారం జవాబులు.

ప్రశ్న: మా ఆశ్రమంలో 14 మంది పెద్దవాళ్లున్నారు. పొద్దున 6 గంటల్లోపు ఇద్దరం కలిసి అందరికీ డైపర్లు మార్చాలి. గ్లౌజులు ఊరికే అయిపోతున్నాయని, వేసుకున్నవాటి మీదే శానిటైజర్ రాసుకుని తర్వాతి మంచానికి వెళ్లమంటున్నారు. అలా చేయొచ్చా?
— ఒక ఆయా, పటమట, విజయవాడ

జవాబు: వద్దు. శానిటైజర్ చర్మానికి పనికొస్తుంది గానీ గ్లౌజుకు కాదు. దాని మీద సమంగా పరుచుకోదు. పైగా స్పిరిటు తగిలేకొద్దీ గ్లౌజు పాడై, కంటికి కనపడని చిల్లులు పడతాయి.

నిజానికి తప్పు అంతకంటే ముందే, అదే మంచం దగ్గర జరుగుతుంది. మలం తుడిచిన గ్లౌజుతోనే కొత్త డైపర్ అందుకుంటారు, పౌడర్ డబ్బా మూత తీస్తారు, దుప్పటి కప్పుతారు. ఆ పౌడర్ డబ్బా 14 మంచాలూ తిరుగుతుంది. గ్లౌజు మార్చినా డబ్బా మారదుగా! అందుకే డబ్బా, క్రీము ఎవరివి వాళ్లకే ఉండాలి. పేరు రాసి తల దగ్గర పెట్టేస్తే సరి.

కొత్త డైపర్, తడిగుడ్డలు, చెత్త కవరు అన్నీ ముందే మంచం పక్కన పెట్టుకోండి. చేతులు శుభ్రం చేసుకుని గ్లౌజులు వేసుకోండి. ఆడవాళ్లకు ఎప్పుడూ ముందు నుంచి వెనక్కి తుడవాలి, ఒక గుడ్డ ఒక్కసారికే. మురికి డైపర్‌ను లోపలికి చుట్టి కవర్లో వేశాక, కొత్తది ముట్టుకోకముందే గ్లౌజులు తీసేయండి. మొదటిదాన్ని మణికట్టు దగ్గర బయటి వైపు పట్టుకుని తిరగేసి లాగండి. రెండోదాని లోపలికి వట్టి వేలు దూర్చి తిరగేయండి. తర్వాత అరచేతి గుంట నిండా శానిటైజర్ పోసుకుని 20 నుంచి 30 సెకన్లు, ఆరేదాకా రుద్దుకోండి. బొటనవేళ్లు, గోళ్ల చివర్లు చాలామంది వదిలేస్తారు. ఇప్పుడు శుభ్రమైన చేతులతో కొత్త డైపర్ కట్టండి.

చేతికి మురికి కనపడినా, ఆ మనిషికి నీళ్ల విరేచనాలు అవుతున్నా శానిటైజర్ చాలదు. కొన్ని విరేచనాల క్రిములు స్పిరిటుకు చావవు. సబ్బుతో 40 నుంచి 60 సెకన్లు కడిగితే అవి నీళ్లతో పాటు కొట్టుకుపోతాయి. సబ్బుబిళ్ల నీళ్లలో నానుతూ ఉండకూడదు, చిల్లుల పెట్టెలో పెట్టండి. కొక్కేనికి వేలాడే ఒకే తువ్వాలుతో అందరూ తుడుచుకుంటే కడిగిన ఫలితం పోతుంది.

గాజులు, ఉంగరాలు డ్యూటీలో తీసేయడమే మేలు. గుడిలో కట్టించుకున్న తాడు తడిసి ఆరక మురికి పట్టేస్తుంది. దాన్ని మోచేతి పైకి కట్టుకుంటే భక్తికీ లోటు లేదు, పనికీ అడ్డు లేదు.

గ్లౌజులు ఆదా చేయాల్సిన చోటు వేరే ఉంది. తల దువ్వడానికి, అన్నం తినిపించడానికి, చెయ్యి పట్టి నడిపించడానికి అవి అక్కర్లేదు. విరేచనాలున్నవాళ్లను, చీము కారే పుండు ఉన్నవాళ్లను వరుసలో చివరికి ఉంచండి.

ప్రశ్న: బకెట్లో రెండు గుప్పెళ్ల బ్లీచింగ్ పౌడర్ కలిపి వారమంతా వాడుతున్నాం. మూత్రం పడ్డ చోట పోస్తే కళ్లు మండుతున్నాయి, దగ్గొస్తోంది. పౌడర్ మంచిది కాదా?
— ఆశ్రమం సూపర్‌వైజర్, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: తప్పు పౌడర్‌ది కాదు, పోసే పద్ధతిది. మూత్రంలోని అమ్మోనియా, బ్లీచింగ్ కలిస్తే ఘాటైన విషవాయువు పుడుతుంది. బాత్రూమ్ యాసిడ్‌తో కలిస్తే క్లోరిన్ వస్తుంది, అది ఇంకా ప్రమాదం. కిటికీ లేని బాత్రూముల్లో మరీ జాగ్రత్త.

ముందు పాత పేపర్లతో మూత్రం పీల్చేయండి. తర్వాత సబ్బునీళ్లతో తుడిచి, మంచినీళ్లతో కడిగి, అప్పుడు బ్లీచింగ్ నీళ్లు పెట్టి 10 నిమిషాలు తడిగా వదిలేయండి. మురికి మీదే పోస్తే క్లోరిన్ అంతా మురికికే ఖర్చవుతుంది, క్రిములకు మిగలదు.

గుప్పెడు లెక్క వదిలేసి చిన్న త్రాసు కొనండి. 33 శాతం క్లోరిన్ ఉన్న పౌడర్ అయితే, నేల, మంచం కమ్ములు, కమోడ్ కుర్చీ తుడవడానికి 10 లీటర్ల నీళ్లకు 30 గ్రాములు. రక్తం పడ్డ చోటికి లీటరుకే 30 గ్రాములు. తేర్చి పైనీళ్లు వాడండి. పౌడర్ బదులు 5 శాతం హైపోక్లోరైట్ ద్రావణం (ద్రవరూపంలో దొరికే బ్లీచింగ్) అయితే 10 లీటర్లకు 200 మిల్లీలీటర్లు. రక్తానికైతే 200 మిల్లీలీటర్లకు 800 నీళ్లు. ఏ రోజుది ఆ రోజే కలపాలి. మన ఎండలకు వారం నాటి బకెట్లో వాసనే ఉంటుంది, బలం ఉండదు. మూతి విప్పిన పౌడర్ సంచీ కూడా అంతే.

ప్రశ్న: మా నాన్నగారికి నాలుగు నెలలుగా మూత్రం పైపు ఉంది. వాసన వస్తోందని ఆయా యాంటీబయాటిక్ తెప్పించమంటోంది. వేయించమంటారా?
— ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: వాసన ఒక్కదానికే వద్దు. ఇన్నాళ్లు పైపు ఉన్నవాళ్ల మూత్రంలో క్రిములు దాదాపు ఎప్పుడూ ఉంటాయి. ఊరికే మందు వేస్తే మొండి క్రిములు మిగులుతాయి. జ్వరం, వణుకు, పొత్తికడుపులో గానీ నడుం పక్కన గానీ నొప్పి, రక్తం, ఉన్నట్టుండి మాట తడబడటం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం కనపడితే ఆ రోజే డాక్టరుకు చూపించండి.

బ్యాగు ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందే ఉండాలి, నేలకు మాత్రం తగలకూడదు. మనిషిని కుర్చీలోకి మార్చేటప్పుడు బ్యాగును ఒళ్లో పెడితే పాత మూత్రం వెనక్కి పోతుంది. అందుకని ముందు ఖాళీ చేసి, తర్వాత మార్చండి. మూడింట రెండు వంతులు నిండగానే ఆయనకు మాత్రమే వాడే మగ్గులోకి వంపాలి, బ్యాగు కొళాయి మగ్గుకు తగలకూడదు. పైపును బ్యాగు నుంచి ఊడదీయొద్దు. రోజూ సబ్బునీళ్లతో, ఒంటి దగ్గర్నుంచి బయటికి పైపు తుడవాలి. ముందరి చర్మం వెనక్కి లాగి కడిగితే మళ్లీ ముందుకు తేవడం మరవొద్దు, లేకపోతే వాచి బిగుసుకుపోతుంది. బ్యాగులోకి మూత్రం రాకపోతే ముందు పైపు మెలిపడిందేమో చూడండి. అయినా రాకపోతే ఆలస్యం చేయొద్దు. ఈ పైపు ఇంకా అవసరమేనా అని డాక్టరుగారిని ప్రతిసారీ అడగండి.

ప్రశ్న: ఐదుగురు మామ్మగార్లకు, నాకు రాత్రిళ్లు దురద. గజ్జి అన్నారు డాక్టరు. దురద లేనివాళ్లు కూడా మందు రాసుకోవాలా?
— నైట్ డ్యూటీ ఆయా, గుంటూరు

జవాబు: రాసుకోవాలి, అందరూ ఒకే రోజు. మొదటిసారి సోకితే దురద మొదలవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఈలోపు ఇంకొకరికి అంటుతుంది. 5 శాతం పెర్మెత్రిన్ క్రీము మెడ నుంచి అరికాలి దాకా, వేళ్ల సందుల్లో, గోళ్ల కింద, బొడ్డులో రాసి 8 నుంచి 14 గంటలు ఉంచాలి. బాగా పెద్దవాళ్లకు కళ్లు, నోరు తప్పించి ముఖానికీ తలకూ రాయాలేమో డాక్టరును అడగండి. మధ్యలో చేతులు కడిగితే చేతులకు మళ్లీ రాయాలి. వారం తర్వాత ఇంకోసారి రాయాలి. వాడిన బట్టలు, గలీబులు వేడినీళ్లలో ఉతకండి. ఉతకలేనివి కవర్లో కట్టి వారం పక్కన పెట్టండి. మందు పనిచేసినా రెండు మూడు వారాలు దురద ఉంటుంది, కంగారుపడి రోజూ రాయొద్దు.

ప్రశ్న: ఇన్సులిన్ సూది వేలికి గుచ్చుకుంది. చప్పరించి పసుపు పెట్టాను. చాలా?
— పేరు వద్దన్నారు, విజయవాడ

జవాబు: చాలదు. నోట్లో పెట్టకూడదు, పిండకూడదు. సబ్బుతో కడిగి వెంటనే జీజీహెచ్‌కి (ప్రభుత్వ పెద్దాసుపత్రికి) వెళ్లండి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందు 2 గంటల్లో మొదలైతే మంచిది, 72 గంటలు దాటితే పనిచేయదు. అవసరమైతే 28 రోజులు వేసుకోవాలి. హెపటైటిస్-బి టీకా మూడు డోసులూ పడ్డాయో లేదో అక్కడే చెప్పండి. సూదికి మళ్లీ మూత పెట్టడం మానేసి, చిల్లు పడని తెల్ల డబ్బాలో వేయండి.