డ్యాష్‌బోర్డు గీసే ముందు మిల్లులో కూర్చో

అమ్మాయీ,

ఆదోనిలో జిన్నింగ్ మిల్లుకు (పత్తి నుంచి గింజలు వేరుచేసే మిల్లు) డ్యాష్‌బోర్డు, అంటే రోజువారీ అంకెలన్నీ ఒకేచోట చూపించే స్క్రీన్, చేసే పని వచ్చిందని మీ నాయన చెప్పినాడు. చాలా సంతోషం. ఇన్నేళ్లూ ఎంఐఎస్ రిపోర్టుల (యజమానులకు అంకెలు అందించే రిపోర్టుల) పనిలోనే ఉన్నాను కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా. డ్యాష్‌బోర్డులు చేసే పవర్ బీఐ సాఫ్ట్‌వేర్ నీకు నాకంటే బాగా వచ్చు, దాని జోలికి పోను. దాన్ని తెరవక ముందు చేయాల్సిన పని గురించే ఈ ఉత్తరం.

ఆ స్క్రీన్ ఎవరెవరు చూస్తారో ముందు కనుక్కో. యజమాని ఎటూ చూస్తాడు. యార్డులో పత్తి కొనే మనిషి, కాటా దగ్గర గుమాస్తా, అకౌంటెంట్, జిన్నింగ్ చూసుకునే సూపర్‌వైజర్ కూడా ఉంటారు. అందరితో విడివిడిగా కూర్చో. యజమాని ఎదురుగా ఉంటే మిగతావాళ్లు తలూపి ఊరుకుంటారు, అసలు ఇబ్బంది బయటికి రాదు.

‘మీకు ఏమేం కావాలి’ అని మాత్రం అడగొద్దు. అన్నీ కావాలంటారు. ‘నిన్న పొద్దున ఎవరెవరికి ఫోన్ చేశారు, ఏమడిగారు’ అని అడుగు. నిన్న ఎన్ని క్వింటాళ్లు దిగినాయి, రేటు ఎంత పడింది, తేమ ఎంత, ఎన్ని బేళ్లు (నొక్కి కట్టిన దూది మూటలు) కట్టారు, గింజలు ఎంతకు పోయాయి అని వరసగా చెప్పుకొస్తారు. వాళ్లు రోజూ ఫోన్లో అడిగేవే నీ స్క్రీన్ మీద ఉండాల్సినవి. ఒక్కో అంకె దగ్గరా ఇంకో ప్రశ్న వెయ్యి: ‘ఇది పెరిగితే ఏం చేస్తారు, తగ్గితే ఏం చేస్తారు?’ రెండింటికీ ఒకటే జవాబు వస్తే ఆ అంకెకు మొదటి పేజీలో చోటు అక్కర్లేదు.

ఇక అన్నిటికన్నా ఎక్కువ టైమ్ పెట్టాల్సింది లెక్క ఎట్లా కడుతున్నారన్న దాని మీద. ‘సగటు కొనుగోలు రేటు’ అని ఇద్దరిని అడిగి చూడు. కొనే మనిషి యార్డులో పలికిన రేటు చెప్తాడు. అకౌంటెంట్ దానికి హమాలీ, కమీషన్, బండి బాడుగ కలిపి చెప్తాడు. ఇద్దరిదీ నిజమే, కానీ ఒకే పేరు కింద రెండు అంకెలు కనిపిస్తే ఎవరూ నీ స్క్రీన్‌ను నమ్మరు. సగటు తీయడంలోనూ తేడా వస్తుంది. 10 క్వింటాళ్లు 7,000కు, 90 క్వింటాళ్లు 7,600కు కొన్నారనుకో. రెండు రేట్లు కలిపి సగం చేస్తే 7,300 వస్తుంది. బరువుతో లెక్క కడితే 7,540. మిల్లుకు నిజంగా పడింది ఈ రెండోదే.

కొలతలు కూడా అంతే. పత్తి రేటు క్వింటాల్‌కు చెప్తారు, దూది రేటు క్యాండీకి, అంటే 356 కిలోలకు. కట్టే బేలు 170 కిలోలు. ‘ఈ ఏడాది’ అన్న మాటకూ రెండు అర్థాలున్నాయి. పత్తి సీజన్ అక్టోబర్ నుంచి సెప్టెంబర్ దాకా, ఖాతాల ఏడాది ఏప్రిల్ నుంచి మార్చి దాకా. ఏది వాడుతున్నావో స్క్రీన్ మీదే రాసి ఉండాలి. ఒప్పుకున్న అర్థాలన్నీ ఒక పేజీలో రాసి, తేదీ వేసి, యజమాని చేత, అకౌంటెంట్ చేత సంతకం పెట్టించుకో. తర్వాత గొడవలు రాకుండా కాపాడేది ఆ కాగితమే.

అప్పుడు గీయి, అదీ పెన్సిల్‌తో. యజమాని యార్డులో ఎండలో నిలబడి ఫోన్లోనే చూస్తాడు కాబట్టి కాగితాన్ని ఫోన్ సైజుకే కత్తిరించు. ఉత్తుత్తి అంకెలు వేయొద్దు, పోయిన వారం కాటా చీటీల నుంచి తీసి వెయ్యి. తమ అంకె కనిపిస్తేనే ‘ఇది తప్పు, ఆ రోజు వానకు లారీ రాలేదు’ అని నోరు విప్పుతారు. కాగితం చేతికిచ్చి ‘మొన్న ఏ రోజు ఎక్కువ రేటుకు కొన్నామో చూపించండి’ అని అడిగి, నువ్వు మాట్లాడకుండా కూర్చో. వేలు ఎక్కడ ఆగిపోతుందో అక్కడ నీ బొమ్మ మార్చాలి. కాగితమైతే చెరిపి మళ్లీ గీయడానికి నీకూ బాధ ఉండదు, ‘బాగాలేదు’ అనడానికి వాళ్లకూ మొహమాటం ఉండదు. రెండు మూడు సార్లు మారాక ఎక్సెల్‌లో పెట్టి చూపించు, పవర్ బీఐ ఆ తర్వాత.

గుండ్రటి బొమ్మలు (పై చార్టులు), కారు మీటర్లలాంటి ముల్లు బొమ్మలు తగ్గించు, వాటిని కోణం చూసి చదవాలి. 1984లో క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ అనే ఇద్దరు చేసిన ప్రయోగాల్లో, ఒకే గీత మీద నిలబెట్టిన కడ్డీలను పోల్చినంత సరిగ్గా జనం కోణాలను పోల్చలేరని తేలింది. రంగులకు కారణం ఉండాలి. సీసీఐ (ప్రభుత్వ పత్తి సంస్థ) కొనుగోళ్లలో తేమ 8 శాతం దాటితే ధర కోస్తారు, 12 దాటితే తీసుకోరు. ఈ మిల్లు హద్దులేమిటో గ్రేడింగ్ చేసేవాళ్లను అడిగి అక్కడే రంగు మార్చు. ఎరుపు, పచ్చ తేడా కనిపించని మగవాళ్లు కొందరుంటారు, అందుకని పక్కన అంకె కూడా ఉంచు. పవర్ బీఐ దానంతట అది మిలియన్లలో చూపిస్తుంది, దాన్ని లక్షల్లోకి మార్చడం మర్చిపోకు. డేటా ఏ గంటకు ఎక్కిందో పైన కనబడాలి.

కాటా గుమాస్తా గురించి ఒక్క మాట. చీటీ రాసి, మళ్లీ అదే నీ కోసం కంప్యూటర్లో కొట్టమంటే సీజన్ రద్దీలో ఆ పని ఆగిపోతుంది, ఆయన తప్పేమీ లేదు. ఒక్కసారి రాస్తే చాలేలా చూడు. సాయంత్రం ఆయన చేత్తో వేసే టోటల్ స్క్రీనే ఇస్తే నీకు అందరికన్నా ముందు తోడొచ్చేది ఆయనే. లాభం అంకె ఎవరికి కనిపించాలో యజమానిని ఒంటరిగా అడుగు, నలుగురిలో ఆ మాట ఎత్తొద్దు.

వచ్చే ఆదివారం కర్నూలు వచ్చేటప్పుడు నాలుగు కాటా చీటీలు, ఒక నెల కొనుగోలు పుస్తకం ఫొటోలు తీసుకురా. మొదటి కాగితం ఇక్కడే కలిసి గీద్దాం.

మీ పెదనాయన