నాగాయలంక భూమి విషయమై మేనల్లుడికి

నల్లకుంట, హైదరాబాద్

చిరంజీవి శ్రీకాంత్‌కు మామయ్య ఆశీస్సులు.

ఆదివారం నువ్వు ఫోనులో చూపిన నాగాయలంక భూమి గురించి ఆ రాత్రంతా ఆలోచించాను. నలభై ఎకరాలు ఒకే చెక్కగా, రోడ్డు పక్కనే, చవక లీజుకు దొరుకుతున్నదని నీకు సంబరంగా ఉంది. రొయ్యల చెరువులకు స్థలాలు చూడటంలోనే ఉద్యోగ జీవితం గడిపిన నాకు మాత్రం, అన్ని ఫొటోలలో ఒక్కదానిలోనైనా కాలువ కనబడలేదే అనిపించింది.

ఉప్పునీటి సాగులో ముందు చూడవలసింది నీరు, ఆ తరువాతనే నేల. నువ్వు వెళ్లింది ఏప్రిల్‌లో. ఆ నెలలో చూసిన ఉప్పదనాన్ని నమ్ముకోవద్దు. కృష్ణకు వరద వచ్చే రోజుల్లో అదే ఉప్పుటేరు దాదాపు మంచినీరు కావచ్చు, మే ఎండలకు చెరువులో ఉప్పు పెరిగిపోనూ వచ్చు. వెనామీ రకం రొయ్యకు 10 నుంచి 25 పీపీటీ, అంటే వెయ్యి పాళ్ల నీటిలో అన్ని పాళ్ల ఉప్పు, అనుకూలం. అంతకంటే తక్కువలోనూ బతుకుతుంది గాని, ఒక్కసారిగా మారితే తట్టుకోలేదు. పండుగప్ప చేప వేసేవాడికి ఈ బెంగ చాలావరకు లేదు, అది మంచినీటిలోనూ పెరుగుతుంది. అందుచేత వానల తరువాత ఒకసారి, ఎండాకాలంలో మరొకసారి ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరుతో నువ్వే స్వయంగా కొలిచి రాసుకో.

నేను చేసిన పొరపాటు ఒకటి చెబుతాను. రొయ్యలను చంపే తెల్లమచ్చ వైరస్ మన తీరానికి వచ్చిన 1990ల నడుమ, ఒక రైతుకు ఏటి ఒడ్డున స్థలం చూపించాను. నేను వెళ్లినప్పుడు ఆటు సమయం. నీరు సముద్రం వైపు నిర్మలంగా పోతూ ఉంది. తాటిచెట్టు కింద క్యారేజీ విప్పి అన్నం తిని, బస్సుకు వేళయిందని లేచి వచ్చేశాను. మరో ఆరు గంటలు కూర్చుని ఉంటే, దిగువనున్న చెరువుల మురుగు పోటుతో పాటు వెనక్కి ఎక్కివచ్చి, మేము పంపు పెట్టబోయే చోటనే నిలవడం కళ్లారా చూసేవాణ్ణి. రెండో పంటకే ఆయన చెరువులు ఖాళీ అయ్యాయి. కాబట్టి పోటు పెద్దగా ఉండే అమావాస్యనాడు వెళ్లి, ఒక పోటూ ఒక ఆటూ పూర్తయ్యేదాకా గట్టు మీదనే ఉండు. ఎవరి తూము ఎక్కడ తెరుచుకుంటుందో కాగితం మీద గీసుకో.

నేలకు ఖరీదైన పరికరాలేమీ అక్కరలేదు. నడుము లోతు గుంట తీయించి, పొద్దున్నే అంచుదాకా నీరు నింపి, సాయంత్రం ఇంకినంత మళ్లీ నింపి, కొమ్మలు కప్పి ఉంచు. మరునాటి ఉదయానికి నీరు చాలావరకు నిలిచి ఉంటే బంకమన్ను చాలినంత ఉన్నట్టే. గుంటలో కుళ్లిన గుడ్డు వాసన వచ్చినా, ఆరిన మట్టి మీద పసుపు మచ్చలు తేలినా అది ఒకప్పటి మడ అడవి నేల కావచ్చు. అటువంటి మట్టి గాలి తగిలాక ఆమ్లమవుతుంది, ఎంత సున్నం పోసినా చాలదు.

మట్టం సంగతి సర్వేయరుతో తేల్చుకో. మన తీరంలో పెద్ద పోటుకు కూడా నీటి తేడా సుమారు 1.5 మీటర్లే గనుక పంపులు తప్పవు. అయితే చెరువు అడుగు మురుగు కాలువ ఆటు మట్టానికి పైన ఉండాలి, లేకుంటే పంటకూ పంటకూ నడుమ చెరువు ఎండదు. మరీ ఎత్తయితే డీజిల్ బిల్లు నిన్ను ఎండబెడుతుంది.

2005 నాటి కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ చట్టాన్ని 2023లో సవరించారు కనుక కొత్త నిబంధనలే చూడు. భూమిలో పోరంబోకు గాని, మడ అడవి గాని కలిసి ఉందేమో రెవెన్యూ రికార్డుల్లో వెతికించు. త్రీఫేజ్ కరెంటు రోజుకు ఎన్ని గంటలు ఉంటుందో లైన్‌మన్‌ను అడుగు, బ్రోకరును కాదు. అది దివిసీమ, 1977 నవంబరు 19 ఉప్పెన ఆ పొలంలో ఎంత ఎత్తున వచ్చిందో చూసినవాళ్లు ఊళ్లో ఇంకా ఉంటారు, వారి మాట విన్నాకే గట్టు ఎత్తు నిర్ణయించు.

పై మట్టి ఒక సంచిలో, మీటరు లోతు మట్టి మరో సంచిలో వేరువేరుగా తీసుకుని రా. అప్పటిదాకా అడ్వాన్సు మాత్రం ఇవ్వకు.

ఇట్లు,
మీ మామయ్య