స్టార్ ట్రెక్ మొదటిసారి చూడబోతున్న మా అబ్బాయికి

అమలాపురం

చిరంజీవి మా తమ్ముడి కుమారునికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. మొన్న ఫోనులో నువ్వు అడిగిన మాటకు నిలబడి రెండు ముక్కల్లో సమాధానం చెప్పడం ఇష్టం లేక ఉత్తరం రాస్తానన్నాను. ఈ సెలవుల్లో పాత స్టార్ ట్రెక్ మొదలుపెట్టాలనుకుంటున్నావనీ, స్నేహితులు తలొకరూ ఒక్కో చోట నుంచి చూడమంటున్నారనీ, ఇంతవరకు సైన్స్ ఫిక్షన్ ధారావాహిక ఒక్కటీ చూసి ఎరగవనీ అన్నావు. ముప్పై రెండేళ్లు రసాయనశాస్త్రం చెప్పి విరమించిన వాడిని, ఆ ధారావాహికను అంతకన్నా ఎక్కువ కాలంగా విడతలు విడతలుగా చూస్తూ వచ్చిన వాడిని కనుక నాకు తోచినది రాస్తున్నాను.

గ్రహం నుంచి గ్రహానికి తిరిగే ఒక అంతరిక్ష ఓడ, అందులోని మనుషుల కథ అది. ముందుగా దాని వయస్సు తెలుసుకో. అమెరికాలో ఎన్‌బీసీ అనే టీవీ చానల్ వారు దీన్ని 1966 సెప్టెంబరు 8న మొదలుపెట్టి మూడు సీజన్లలో 79 ఎపిసోడ్లు ప్రసారం చేశారు. చివరిది 1969 జూన్ 3న వచ్చింది. ఏడు వారాలు కూడా గడవకముందే, జూలై 20న, మనిషి చంద్రుడి మీద దిగాడు. అంటే నువ్వు చూడబోయే గ్రహాలూ ఓడలూ అన్నీ, మనిషి ఇంకా ఏ పరాయి నేల మీదా కాలు మోపని రోజుల్లో కూర్చుని ఊహించినవే. ఈ సంగతి గుర్తుంటే ఆ అట్టముక్కల బండరాళ్లను చూసి నవ్వబోయి ఒక్క క్షణం ఆగుతావు.

మొదటి ఎపిసోడ్ నుంచి వరుసగా చూసుకు రావాలన్న నియమం పెట్టుకోవద్దు. ఇప్పటి ధారావాహికల్లాగా ఒకదాని తోక మరొకదానికి ముడివేసి ఉండదు, ఏ వారం కథ ఆ వారానికే ముగుస్తుంది. పైగా ప్రసారమైన వరుస, తీసిన వరుస ఒకటి కావు. మూడవ వారం వచ్చిన కథ నిజానికి అన్నింటికన్నా ముందు తీసినవాటిలో ఒకటి, అందుకే అందులో దుస్తులు వేరుగా ఉంటాయి, తరువాత మనం ఎంతో ఇష్టపడే ఓడ వైద్యుడు డాక్టర్ మెకాయ్ అందులో కనబడడు. దానికీ ముందు తీసి, చానల్ వారు వద్దని తిప్పి పంపిన 'ది కేజ్' అనే కథ కూడా ఒకటుంది. అది మొదటిదట కదా అని దానితో ఆరంభిస్తే, ఆ దృశ్యాలనే వాడుకుని మొదటి సీజన్‌లో అల్లిన రెండు భాగాల కథ రుచి ముందే పోతుంది. దాన్ని చివరికి ఉంచుకో.

నన్నడిగితే మొదటి సీజన్‌లోని 'ది డెవిల్ ఇన్ ద డార్క్' తో మొదలుపెట్టమంటాను. ఒక గనిలో పనివాళ్లను ఏదో చంపుతోంది, ఓడవాళ్లు సాయానికి వస్తారు, ఇంతకుమించి కథ చెప్పను. అందులోని ప్రాణి శరీరం కార్బన్‌తో కాక సిలికాన్‌తో తయారైనదన్న ఊహ ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం చెప్పాలి, లేకపోతే నా ఉద్యోగానికే అవమానం. ఆవర్తన పట్టికలో కార్బన్‌కు సరిగ్గా కింది గడి సిలికాన్‌ది. రెండింటికీ నాలుగేసి బంధాలు. కాబట్టి కార్బన్ పోషించే పాత్రను అది పోషించలేదా అన్న ప్రశ్న రసాయనశాస్త్రం తెలిసిన వాడెవడికైనా సహజంగానే వస్తుంది. చిక్కు ఎక్కడంటే, మన ఒంట్లోని కార్బన్ ఆక్సిజన్‌తో కలిస్తే వాయువు అవుతుంది, శ్వాసతో బయటకు పోతుంది. సిలికాన్ ఆక్సిజన్‌తో కలిస్తే అయ్యేది మన గోదావరి ఇసుకలో ప్రధానంగా ఉన్న పదార్థమే. అలాంటి ప్రాణి మనలాగే ఆక్సిజన్ పీల్చి బతకాలంటే విడిచే ప్రతి ఊపిరికీ ఇసుక కక్కాలి. నేను తరగతిలో ఈ మాట చెప్పినప్పుడల్లా వెనక బెంచీల వాళ్లు కూడా తలెత్తేవారు. మంచి సైన్స్ ఫిక్షన్ చేసే పని ఇదే. లోకంలో ఒక్క నియమాన్ని కదిపి, దానివల్ల ఇంకేమేమి కదులుతాయో నిదానంగా చూపుతుంది. ప్రతి కథకూ ఇందులో కదిపినది ఏది అని నిన్ను నువ్వు అడుగు. జవాబు దొరకని కథలు కొన్ని ఉంటాయి, అవి మామూలు దెయ్యాల కథలకు అంతరిక్షపు చొక్కా తొడిగినవి.

ఆ ప్రాణి వేషం లోపల ఒక మనిషి నేల మీద పాకుతున్నాడని నీకు తెలుస్తూనే ఉంటుంది. తెలియనీ. మన ఊళ్లలో తెల్లవార్లూ నాటకం చూసిన పెద్దలకు వెనక వేలాడే తెర మీది హస్తినాపురం రంగు వెలసిన గుడ్డ అని తెలియదా? పడక సీనులో కృష్ణుడు పడుకున్నది పక్క వీధి నుంచి మోసుకొచ్చిన మంచమని తెలియదా? తెలిసీ పద్యానికి వన్స్‌మోర్ కొట్టారు. ఇక్కడా అంతే. డబ్బు తక్కువైన చోట వాళ్లు బుర్ర వాడారు. ఓడను వారం వారం ఒక గ్రహం మీద దించి చూపించే ఖర్చు భరించలేకనే మనుషులను ఇక్కడ మాయం చేసి అక్కడ ప్రత్యక్షం చేసే ట్రాన్స్‌పోర్టర్‌ను కల్పించారు. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే నర్సాపురం పంటు కోసం ఎండలో నిలబడిన ప్రతిసారీ నాకు ఆ యంత్రం గుర్తుకు వస్తుంది.

ఫిరంగుల కన్నా మాటల మీద దృష్టి పెట్టు. ఓడలో నిర్ణయం తీసుకోవలసిన కెప్టెన్ కిర్క్‌కు ఒక పక్క లెక్క తప్ప మరొకటి ఒప్పుకోని స్పాక్, ఇంకో పక్క మనిషి ప్రాణం ముందు లెక్కలేమిటని మండిపడే మెకాయ్ ఉంటారు. ఆ ముగ్గురి వాదన ఎక్కడ ఎటు మొగ్గుతుందో చూస్తే కథ సగం అర్థమైనట్టే. వార్ప్, ఫేజర్ వంటి మాటలు వచ్చినప్పుడు ఆపి అర్థాలు వెతకవద్దు, రెండు మూడు కథలు గడిస్తే అవే అలవాటవుతాయి. సబ్‌టైటిల్స్ పెట్టుకోవడం నామోషీ కాదు, ఆ సౌకర్యం లేని రోజుల్లో నాకు సగం సంభాషణ గాలికి పోయింది.

నువ్వు చూస్తుండగా ఇంట్లో ఎవరో ఒకరు ఇవన్నీ మన పురాణాల్లో ఉన్నవేనని తప్పకుండా అంటారు. వాదించకు. భాగవతంలో రైవతుడు కూతురు రేవతిని వెంటబెట్టుకుని బ్రహ్మలోకానికి వెళ్లి, అక్కడ పాట ముగిసేవరకు ఆగితే, ఈలోపు భూలోకంలో ఇరవై ఏడు చతుర్యుగాలు గడిచిపోయాయట. అంతకన్నా గొప్ప ఊహ నాకు తెలియదు. అయితే అక్కడ కాలం ఎందుకలా గడిచిందని రైవతుడు అడగడు, బ్రహ్మ చెప్పాడు కనుక నమ్మి కూతురికి బలరాముణ్ణి వరుడుగా చూసుకున్నాడు. స్పాక్ అయితే అడిగి తీరుతాడు. తేడా అక్కడే ఉంది, ఎక్కువ తక్కువలు కావు.

ఇక అన్నింటికన్నా ముఖ్యమైనది. రాత్రికి ఒక్కటే చూడు. ఒక్కొక్కటి సుమారు యాభై నిమిషాలు, మొత్తం కలిపితే దాదాపు 66 గంటలు, మీ వయసు వాళ్లు దాన్ని వారంలో మింగేయగలరని నాకు తెలుసు. కానీ అవి వారానికొకటిగా చూడడానికి తీసినవి, కథకూ కథకూ మధ్య ఖాళీ ఉంటేనే అవి మనసులో ఊరతాయి. ఇది నాకు నేర్పినది కరెంటు. 1980లలో దూరదర్శన్ వారు దీన్ని ఆదివారాల్లో వేసేవారు. మా వీధి మొత్తానికి రెండే టీవీలు, ఎదురింటి వారి నలుపు తెలుపు టీవీ ముందు చాపల మీద పదిహేను మందిమి కూర్చునే వాళ్లం. ఒక రోజు 'బ్యాలెన్స్ ఆఫ్ టెర్రర్' అనే కథ వేస్తున్నారు. రెండు ఓడలు ఒకదానికొకటి చిక్కకుండా, యంత్రాలన్నీ ఆపుకుని, చీమ చిటుక్కుమనకుండా పొంచి ఉన్న ఘట్టంలో తెర నల్లబడింది. కథలోనే అలా ఉందనుకుని మేమందరం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. నెత్తి మీది ఫ్యాను రెక్కలు నెమ్మదించి ఒక్కొక్కటీ విడిగా కనబడేదాకా కరెంటు పోయిందని ఎవరికీ తట్టలేదు. అది తిరిగి వచ్చేసరికి భోజనాల వేళ దాటింది. మిగతా సగం నేను డీవీడీలో చూసింది ఇరవై ఏళ్ల తరువాత. ఆ ఇరవై ఏళ్లలో ఆ శత్రు నాయకుడికి నాలుగైదు ముగింపులు కట్టాను, అసలుది వాటన్నింటినీ మించి ఉంది. ఓడవాళ్ల చొక్కాలు బంగారు రంగు, నీలం, ఎరుపు అని కూడా నాకు ఆ డీవీడీతోనే తెలిసింది. ఎర్ర చొక్కావాడు గ్రహం మీద దిగితే తిరిగి రావడం కష్టమని లోకమంతా వేసుకునే హాస్యం నాకు అంతవరకు అర్థం కాలేదు.

లోపాలు దాచను. ఆడవాళ్ల దుస్తులూ, వారి గురించి రాసిన కొన్ని మాటలూ ఇప్పుడు చూస్తే ఇబ్బందిగా ఉంటాయి. చిట్టచివరి కథ అయితే స్త్రీకి ఓడ నాయకత్వమే పొసగదన్నట్టు మాట్లాడుతుంది. అదే ఓడ మీద ఊహూరా అనే నల్లజాతి స్త్రీ అధికారిణిగా కూర్చుంది. ఆ పాత్ర వేసిన నిషెల్ నికోల్స్ మొదటి సీజన్ తరువాత మానుకోబోతే, ఉండమని మార్టిన్ లూథర్ కింగ్ నచ్చజెప్పారని ఆమే చెప్పుకున్నారు. రెండూ నిజమే, రెండూ చూడు. మూడవ సీజన్ చాలా నీరసం. దాని మొదటి కథలో స్పాక్ మెదడును ఎత్తుకుపోతారు, నాకు నచ్చనివన్నీ ఒక్కచోట చూడాలంటే అది చాలు. నచ్చని కథను పది నిమిషాల్లో ఆపేయడం నేరం కాదు. ఇది పూర్తయ్యాక 1987లో మొదలైన 'ది నెక్స్ట్ జనరేషన్' అనే ధారావాహికకు వెళ్లవచ్చు, దాని సంగతి అప్పుడు రాస్తాను.

'ది సిటీ ఆన్ ద ఎడ్జ్ ఆఫ్ ఫరెవర్' గురించి మాత్రం నెట్‌లో ఒక్క ముక్క చదవకు, ఎవరు చెప్పబోయినా చెవులు మూసుకో. కనీసం పదిహేను కథలు చూసి ఆ మనుషులు నీ వాళ్లయ్యాక దాన్ని పెట్టుకో.

'బ్యాలెన్స్ ఆఫ్ టెర్రర్' మటుకు నేను వచ్చేదాకా ఉంచు. వచ్చే నెలలో పంటు దాటి భీమవరం రావలసిన పని ఉంది, కలిసి చూద్దాం. శత్రువు ముఖం మొదటిసారి తెర మీద కనబడగానే ఓడలో వాళ్లు ఎవరి వైపు తిరిగి చూస్తారో నీకు చూపించాలి. మీ గదికి ఇన్వర్టర్ ఉందో లేదో ముందుగా తెలియజేయి.

ఇట్లు,
మీ పెదనాన్న