మర్నాడు పొయ్యి ఎవరు వెలిగించారు?

కోటిపల్లి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ కాగితాలు పోయిన బుధవారం అందాయి. రెండుసార్లు చదివాను. మొదటిసారి అరుగు మీద కూర్చుని గబగబా చదివేశాను, రెండోసారి పెన్సిలు పట్టుకుని నిదానంగా చదివాను. వీరేశలింగం గారినీ మార్టిన్ లూథర్ కింగ్‌నీ ఒకే వ్యాసంలో పక్కపక్కన కూర్చోబెట్టాలన్న ఆలోచన నీ వయసులో నాకు రాలేదు. ఆలోచన మంచిది, వదులుకోకు. పంపేటప్పుడు చాలా టెన్షన్ పడ్డానని రాశావు. అంత అవసరం లేదు తల్లీ, నీ చేతిలో వాక్యం ఉంది.

కానీ మొదటి పదమూడు పేజీల్లో నాకు మనుషులు కనబడలేదు. "నవయుగ వైతాళికుడు", "అకుంఠిత దీక్ష", "ఉక్కు సంకల్పం" కనబడ్డాయి. ఈ మాటలు ఏ విగ్రహం కింద చెక్కినా సరిపోతాయి. పద్నాలుగో పేజీలో మాత్రం ఓ పేరా కొట్టేశావు. పెన్ను గట్టిగా నొక్కి కొట్టావు గానీ అక్షరాలు తెలుస్తూనే ఉన్నాయి. దాని సంగతికి తర్వాత వస్తాను.

ముందు 1881 డిసెంబర్ 11 సంగతి. రాజమండ్రిలో వీరేశలింగం గారు గౌరమ్మకీ గోగులపాటి శ్రీరాములుకీ చేయించిన మొదటి వితంతు వివాహం. ఆయన ఉపన్యాసాల గురించి నువ్వు మూడు పేజీలు రాసి, ఆ పెళ్ళిని ఒక్క వాక్యంలో దాటేశావు. "తీవ్ర వ్యతిరేకత మధ్య జరిగింది" అన్నావు. ఆ వ్యతిరేకత ఏ రూపంలో వచ్చిందో చూడు. వంటవాళ్ళు రామన్నారు. నీళ్ళు మోసేవాళ్ళు మానేశారు. అప్పుడు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు తనే బిందె తీసుకుని గోదావరికి వెళ్ళి నీళ్ళు తెచ్చారు, తనే వండారు.

డిసెంబరులో పొద్దున్నే గోదావరి నీళ్ళు ఎంత చల్లగా ఉంటాయో నీకు నేను చెప్పక్కర్లేదు. నిండు బిందె చంకన పెట్టుకుని తడి మెట్లెక్కడం ఎలా ఉంటుందో మీ ఇంట్లో ఆడవాళ్ళని అడిగితే చెబుతారు. నడుం ఒక పక్కకి ఒరిగిపోతుంది, అడుగడుక్కీ నీళ్ళు తొణికి చీర కుచ్చెళ్ళు తడిసిపోతాయి. అదీ ఒకటి రెండు బిందెలతో అయ్యే పని కాదు, పెళ్ళింటికి సరిపడా తేవాలి. దారి పొడుగునా అరుగుల మీద జనం చూస్తూ ఉంటారు. అమ్మాయ్, నా మటుకు నాకు ఆ పెళ్ళిలో అన్నిటికన్నా పెద్ద దృశ్యం ఇదే.

మనవాళ్ళు ఎవరినైనా వెలివేస్తే "నిప్పూ నీరూ పుట్టనివ్వలేదు" అంటారు. ఎంత సరైన మాటో చూడు. మఠం నుంచి బహిష్కారం పత్రం వస్తుంది, నిజమే. ఆ కాగితం మడిచి పెట్టెలో పెట్టుకోవచ్చు. అది పనిచేసేది వీధిలో. చాకలి రాడు, మంగలి రాడు, తద్దినానికి బ్రాహ్మడు దొరకడు, పక్కింటావిడ పెరటి తలుపు వేసుకుంటుంది. ఆ పెళ్ళికి దగ్గరుండి సాయం చేసినవాళ్ళలోనే కొందరు ఆ తర్వాత ప్రాయశ్చిత్తం చేయించుకున్నారు. వాళ్ళని పిరికివాళ్ళని తేల్చెయ్యడం తేలిక. ఆ ఇళ్ళల్లో పెళ్ళికి ఎదిగిన ఆడపిల్లలున్నారేమో, మంచాన పడ్డ తండ్రి ఉన్నాడేమో అని ఒకసారి ఆలోచించి అప్పుడు రాయి.

ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా వీధిలో ఒకాయన తన కూతుర్ని వేరే కులం అబ్బాయికిచ్చి చేశాడు. పెద్దలు కూర్చుని ఆ ఇంటిని వెలివేశారు. వాళ్ళ చిన్నపిల్ల రోజూ పొద్దున్నే ఇత్తడి చెంబు పట్టుకుని మా ఇంటికి మజ్జిగకి వచ్చేది. ఆ రోజూ వచ్చింది. మా మామ్మ గుమ్మంలోకి వెళ్ళి, తలుపు సగం మూసి, "ఇవాళ చిలకలేదమ్మా" అంది. కవ్వం ఇంకా కుండలోనే ఉంది. ఆ పిల్ల దాన్ని చూసింది, నేనూ చూశాను. తర్వాత మామ్మ వంటింట్లో గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. ఆ పూట అన్నం తినలేదు. సాయంత్రం ఆ మజ్జిగంతా కుడితి గోలెంలో పోసేసింది.

ఇరవై రెండేళ్ళప్పుడు నా మొదటి కథ దీని మీదే రాశాను. అందులో మామ్మని రాక్షసిని చేశాను. కథ అచ్చయింది, మెచ్చుకుంటూ ఉత్తరాలు కూడా వచ్చాయి. కానీ మామ్మ అన్నం తినలేదన్న మాట అందులో లేదు. అది రాస్తే నా కోపం పల్చబడుతుందనుకున్నాను. ఇప్పుడు తెలుస్తోంది, మామ్మకి మజ్జిగ పొయ్యాలని ఉంది. పొయ్యనివ్వకుండా ఆవిడ చెయ్యి పట్టుకున్నదేదో ఉంది, కథలో నేను చూపించాల్సింది దాన్ని. చెడ్డవాళ్ళు చెడ్డపని చేశారని రాస్తే చదివేవాడు "నేనలాంటివాణ్ణి కాదులే" అని హాయిగా పక్కకి తిరిగి పడుకుంటాడు.

ఇక కింగ్ దగ్గరికి వద్దాం. 1963 ఏప్రిల్‌లో అమెరికాలోని బర్మింగ్‌హామ్ జైల్లో ఆయన రాసిన ఉత్తరం గురించి బాగా రాశావు. కాగితం లేక న్యూస్‌పేపర్ అంచుల మీద మొదలుపెట్టాడన్న వివరం పట్టుకున్నావు, సంతోషం. కానీ ఆ ఉత్తరం ఎవరికి జవాబో చెప్పలేదు. ఎనిమిది మంది తెల్ల మతపెద్దలకి జవాబు. వాళ్ళు నల్లవాళ్ళ మీదికి కుక్కల్ని వదిలిన రకం కాదు, మర్యాదస్తులు. వాళ్ళ మాటల సారాంశం, ఇది సమయం కాదు, వీధిలోకి రాకండి, కోర్టులున్నాయి, ఓపిక పట్టండి అని. మన ఊళ్ళో ఈ మాట ఎలా అంటారో నీకు తెలుసు. "నువ్వన్నది రైటేనమ్మా, ఇప్పుడెందుకు గొడవ? పిల్ల పెళ్ళి కానీ, ఆ పండగ వెళ్ళనీ, చూద్దాం." పెద్దరికం ఎప్పుడూ "కాదు" అనదు, "ఇప్పుడు కాదు" అంటుంది. నీ వ్యాసంలో ఈ గొంతు వినిపించాలి. అది వినిపిస్తేనే కింగ్ అంత పొడుగు ఉత్తరం ఎందుకు రాయాల్సొచ్చిందో మన ఊరి పాఠకుడికి తెలుస్తుంది.

అదే దేశంలో మాంట్‌గోమరీ ఊరి గురించి ఒక పేజీ అయినా పెంచు. 1955 డిసెంబర్ 1న రోజా పార్క్స్ అనే నల్లజాతి ఆవిడ బస్సులో తెల్లవాడి కోసం సీటు ఖాళీ చెయ్యనంది. దాన్ని రాశావు. ఆ తర్వాత 381 రోజుల పాటు ఆ ఊరి నల్లవాళ్ళు సిటీ బస్సు ఎక్కలేదు. ఏడాది దాటిపోయింది. అన్ని రోజులు పొద్దున్నే లేచి పనికి నడిచి వెళ్ళిన వంటమనుషుల కాళ్ళ గురించి ఆలోచించావా? అందరినీ చేరవెయ్యడానికి పెట్టిన కార్లకి పెట్రోలు డబ్బు ఎక్కడినుంచి వచ్చింది? కొంత జార్జియా గిల్‌మోర్ అనే వంటావిడ తెచ్చింది. ఆవిడా ఇంకొందరు ఆడవాళ్ళూ కలిసి ఇళ్ళల్లో వండి, శాండ్‌విచ్‌లూ కేకులూ భోజనాలూ అమ్మి ఆ డబ్బు ఉద్యమానికిచ్చారు. తమ గుంపుకి "క్లబ్ ఫ్రమ్ నోవేర్" అని పేరు పెట్టుకున్నారు. డబ్బెక్కడిదని ఎవరైనా అడిగితే "ఎక్కడిదీ కాదు" అని చెప్పొచ్చు, ఇచ్చినవాళ్ళ ఉద్యోగాలకి ముప్పు రాదు. ఆ బస్సుల బహిష్కారం నడిపించినందుకు కింగ్ మీద కేసు నడిచినప్పుడు ఆవిడ కోర్టులో సాక్ష్యం చెప్పి తన ఉద్యోగం పోగొట్టుకుంది. తర్వాత సొంత వంటిల్లే జీవనాధారమైంది.

రాజమండ్రిలో బిందె, మాంట్‌గోమరీలో పొయ్యి. ఇద్దరు మహానుభావుల్ని కలపడానికి నువ్వు "సమానత్వ కాంక్ష" అనే మాట వాడావు. ఆ మాట నేను కొట్టేశాను. ఈ ఇద్దరు ఆడవాళ్ళని కలుపు, మిగతాది దానంతటదే కలుస్తుంది.

ఎదిరించిన రోజు రాయడం సులువు, ఆ రోజు జనం ఉంటారు, మాటలుంటాయి. నాకు కావలసింది మర్నాడు. 1521లో జర్మనీలో క్రైస్తవ మత సంస్కర్త మార్టిన్ లూథర్‌ని చక్రవర్తి ముందు నిలబెట్టి, రాసిన పుస్తకాలన్నీ తప్పని ఒప్పుకోమన్నప్పుడు ఆయన వెంటనే గర్జించలేదు. ఒక రోజు గడువు అడిగాడు. మర్నాడు వచ్చి ఒప్పుకోనన్నాడు. ఆ రెండింటి మధ్య రాత్రి ఒకటుంది. రాయగలిగితే ఆ రాత్రి రాయి.

పూజ గదిలో పెట్టినట్టు మాత్రం ఎవరినీ రాయకు. అదే లూథర్ నాలుగేళ్ళ తర్వాత రైతులు తిరగబడితే వాళ్ళని అణిచెయ్యమని ప్రభువులకి రాశాడు. వీరేశలింగం గారు ఆచారం మీద పోరాడినంతగా ఇంగ్లీషు ప్రభుత్వం మీద పోరాడలేదు, 1893లో రావు బహదూర్ బిరుదు తీసుకున్నారు. ఇవి దాచిపెడితే ఆయన ఎత్తు పెరగదు. ఆయన స్వీయచరిత్ర పూర్తిగా చదువు. అందులో ఆయన ఎక్కడ విసుక్కున్నారో, ఎవరి మీద అలిగారో గుర్తు పెట్టుకుంటూ చదివితే నీకు మనిషి దొరుకుతాడు. ఆయన నాటకం వ్యవహార ధర్మబోధినిలో కోర్టుల్లో జరిగే అన్యాయాల్ని మామూలు జనం మాటల్లోనే ఎలా పెట్టారో కూడా చూడు. భాష విషయంలో నీకు అంతకన్నా మంచి పాఠం నేను చెప్పలేను.

నీ వ్యాసంలో పూర్తిగా తప్పిపోయిన మనిషి ఒకాయన ఉన్నాడు, దళిత కవి కుసుమ ధర్మన్న గారు. ఆయనదీ రాజమండ్రే. ఊరూవాడా "మాకొద్దీ తెల్లదొరతనము" అని గరిమెళ్ళ పాట పాడుకుంటున్న రోజుల్లో, 1921లో, ఆయన "మాకొద్దీ నల్లదొరతనము" అని రాశాడు. తెల్లవాడు పోతే సరే, మమ్మల్ని ఊరి చివర పెట్టిన మీ సంగతేమిటని అడిగాడు. దేశమంతా ఒక పెద్ద అధికారాన్ని ఎదిరిస్తుంటే, ఎదిరిస్తున్నవాళ్ళనే నిలదీశాడు. ఎంత ఒంటరిగా ఉండి ఉంటుందో ఊహించు. సంస్కర్తల గురించి రాసేవాళ్ళు ఆయన దగ్గరికి రాకుండా ఆగిపోతే ఆ రాత సగమే. మీ కోనసీమలో మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న గారి "పాలేరు" నాటకం కూడా చదువు. పాలేరు కుర్రాడు చదువుకుని డిప్యూటీ కలెక్టరవుతాడు. ఆ నాటకం చూసి పిల్లల్ని పాలేరుతనం మాన్పించి బడికి పంపినవాళ్ళున్నారు.

కాకినాడ పిఠాపురం రాజావారి కాలేజీ, రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు, ద్రాక్షారామం దువ్వూరి సుబ్బమ్మ గారు, వీళ్ళందరినీ ఈ ఒక్క వ్యాసంలో దూర్చాలని చూడకు. ఒక్కొక్కరికి ఒక్కో ఏడాది పడుతుంది. తొందర లేదు.

ఇప్పుడు ఆ పద్నాలుగో పేజీ. మీ ఊరి కాఫీ హోటల్ చూరులో మీ పేట వాళ్ళకని వేరే గ్లాసు గుచ్చి ఉండేదని, తాగి, కడిగి మళ్ళీ చూరులోనే గుచ్చి వెళ్ళాలని రాశావు. ఒకరోజు మీ తాతయ్య కాఫీ తాగి, గ్లాసు కడిగి, చూరులో గుచ్చకుండా లోపలికెళ్ళి బల్ల మీద పెట్టి వచ్చాడని మీ అమ్మమ్మ చెప్పిందన్నావు. రెండు వాక్యాలు, అంతే. తర్వాత కొట్టేసి, పక్కన చిన్న అక్షరాలతో "ఇది మరీ చిన్న విషయం" అని నీకు నువ్వే రాసుకున్నావు.

అమ్మాయ్, నువ్వు పంపిన కాగితాలన్నిటిలో ఎవరూ నేర్పకుండా నీకు తెలిసింది అదొక్కటే. మిగతాదంతా నువ్వు లైబ్రరీలో చదివావు, నేనూ చదివాను. అది మీ ఇంట్లో తప్ప ఎక్కడా లేదు.

మీ అమ్మమ్మ దగ్గర కూర్చుని అడుగు. అది ఊడ్పుల రోజులా, కోతల రోజులా? మర్నాడు తాతయ్యని పనికి పిలిచారా? పిలవకపోతే ఎన్నాళ్ళు పిలవలేదు? ఆ రాత్రి ఆయన ఇంటికొచ్చి చెప్పాడా, లేక ఆవిడకి వేరేవాళ్ళ నోట తెలిసిందా? తెలిసినప్పుడు ఆవిడకి కోపమొచ్చిందా, భయమేసిందా? ఇంట్లో బియ్యం ఎన్ని రోజులకున్నాయి? ఆ గ్లాసు ఇత్తడిదా, సత్తుదా? ఆవిడ ఏడిస్తే ఆపేయ్, పక్కనే కూర్చో, ఇంకోరోజు అడుగు. చెప్పినంతా చెప్పిన మాటల్లోనే రాసుకో, దిద్దకు.

వచ్చే ఆదివారం ముక్తేశ్వరం నుంచి పొద్దున పంటు ఎక్కి ఇటు వచ్చెయ్. ఎండ ముదరకముందే రా. ఆ పదమూడు పేజీలు తేనక్కర్లేదు, పద్నాలుగోది తీసుకురా. అమ్మమ్మ రాగలిగితే ఆవిణ్ణి కూడా తీసుకురా, రేవు దగ్గరికి నేను ఎదురొస్తాను. మా ఇంట్లోనే అందరం భోజనం చేద్దాం.

ఇట్లు
మీ మాస్టారు