మెడ విరిపించుకోవడానికి వెళ్ళే ముందు ఇది చదువు

ఒరేయ్ చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. హోసూర్ రోడ్డు మీద బొమ్మనహళ్ళి దగ్గర క్యాబ్ వాడు నీ కారుని వెనకనుంచి గుద్దాడనీ, పైకి దెబ్బలేం లేవనీ, రెండు రోజులైనా మెడ మాత్రం తిరగట్లేదనీ, సోమవారం హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఎవరో కైరోప్రాక్టర్ (మెడా వెన్నూ చేత్తో తిప్పి సర్దేవాళ్ళు) దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నావనీ చెప్పింది. మొదటి మూడూ విని సరేలే అనుకున్నాను, నాలుగోది విన్నాక నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెప్తే "సరే మావయ్యా, సరే మావయ్యా" అంటూ పెట్టేస్తావు కాబట్టి రాస్తున్నాను.

అసలు వెళ్ళొద్దని కాదు. నేనూ వెళ్ళాను, రెండు చోట్లకి. ఒకచోట నెత్తిమీదికి తెచ్చుకున్నాను, ఇంకోచోట బాగుపడ్డాను. రెండోసారి ముందు డాక్టరు, తర్వాత కైరో అన్న వరసలో వెళ్ళాను, అంతే.

2017లో మారతహళ్ళి బ్రిడ్జి దగ్గర సిగ్నల్‌లో ఆగి ఉంటే వాటర్ ట్యాంకర్ వచ్చి వెనక తగిలింది. స్పీడేం లేదు, బంపరు లోపలికి పోయిందంతే. దిగి, నాకొచ్చిన కన్నడంలో వాడితో అరగంట గొడవపడి, ఇంటికొచ్చి భోంచేసి పడుకున్నాను. తెల్లారి చూస్తే తలగడ మీదనుంచి తల లేవదు, రెండు చేతులతో పట్టుకుని లేపుకోవాల్సి వచ్చింది. వెనకనుంచి గుద్దినప్పుడు సీటు ఒంటిని ముందుకి తోస్తుంది, తల మాత్రం ఒక్క క్షణం ఉన్నచోటే ఉండిపోతుంది, దాంతో మెడ వెనక్కి వంగి మళ్ళీ ముందుకి విసురుగా వస్తుంది, కొరడా ఝళిపించినట్టు. అందుకే దీన్ని విప్‌లాష్ అంటారు. ఎముక విరగకపోయినా కండరాలూ, ఎముకల్ని కలిపి ఉంచే లిగమెంట్లూ సాగిపోతాయి. నొప్పి చాలామందికి అప్పటికప్పుడు రాదు, మర్నాడో ఆ మర్నాడో బయటపడుతుంది. నీకూ అదే జరిగినట్టుంది.

ఇక సలహాలు మొదలయ్యాయి. పక్కింటాయన పుత్తూరు కట్టు వేయించుకోమన్నాడు (మన బెంగళూరులో ఆ బోర్డు కనపడని ఏరియా ఉందా అసలు), మంగలి షాపులో అబ్బాయి "కూర్చోండి సార్, ఒక్క తిప్పు తిప్పుతా" అన్నాడు. నేను చదువుకున్నవాణ్ణి కదా, అందుకని ఏసీ ఉన్న కైరో క్లినిక్‌కి వెళ్ళాను. మూడో రోజు. అక్కడ పనిచేసే ఆయన యాక్సిడెంట్ ఎలా అయిందని అడగలేదు, ఎక్స్‌రే ఉందా అనలేదు, గడ్డం కింద చెయ్యి పెట్టి టక్‌మనిపించాడు. గంటసేపు గాల్లో తేలినట్టుంది. సాయంత్రానికి కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ తిమ్మిరెక్కాయి, కాఫీ గ్లాసు పట్టుకుంటే పట్టు దొరకలేదు.

ఎంఆర్‌ఐలో మెడలోని 7 ఎముకల్లో 5కీ 6కీ మధ్య మెత్తలా ఉండే డిస్కు పక్కకి ఉబ్బి నరాన్ని నొక్కుతోందని తేలింది. ట్యాంకర్ వల్లా, ఆ తిప్పుడు వల్లా, వయసు వల్ల ముందే ఉందా అంటే ఎవరూ చెప్పలేరన్నాడు న్యూరో డాక్టరు. అదీ నిజమే, నా వయసులో ఏ నొప్పీ లేనివాళ్ళకి తీసినా డిస్కులు ఉబ్బి కనిపిస్తుంటాయట. కానీ ముందే ఫిల్మ్ చూసుంటే ఆ మెడని ఎవరూ తిప్పేవాళ్ళు కాదు కదా. మూడు నెలలు పట్టింది నాకు.

అందుకని ఆ సోమవారం అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ చెయ్యి. ముందు ఎముకల డాక్టర్ని కలువు. మీ ఏరియాలో ఏ పెద్ద హాస్పిటల్ అయినా ఫర్వాలేదు, లేకపోతే జయనగర్ వైపు సంజయ్ గాంధీ ట్రామా ఆసుపత్రి ఉంది, ప్రభుత్వానిది, యాక్సిడెంట్ కేసులు వాళ్ళకి రోజూ పనే, క్యూకి మాత్రం సిద్ధపడి వెళ్ళు. మెడని కుడికీ ఎడమకీ 45 డిగ్రీలు తిప్పలేకపోతే ఫిల్మ్ తియ్యాల్సిందే అన్నది కెనడా డాక్టర్లు కట్టిన లెక్క, చాలా దేశాల్లో ఎమర్జెన్సీ వాళ్ళు దాన్నే వాడతారు, నీకు తిరగట్లేదు కాబట్టి ఇంక వాదన అనవసరం. ఎక్స్‌రేలో, సీటీ స్కాన్‌లో ఎముక కనిపిస్తుంది, డిస్కూ నరమూ చూడాలంటే ఎంఆర్‌ఐ. అది కావాలో వద్దో డాక్టరు చెప్తాడు, నువ్వే అడిగి తీయించుకోకు, వేలకి వేలు.

చేతులు గానీ కాళ్ళు గానీ బలహీనపడినా, తిమ్మిరి పెరుగుతున్నా, కళ్ళు తిరిగి రెండు రెండుగా కనిపించినా, మాట తడబడినా, ఒంటికి రెంటికి పట్టు తప్పినా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అర్ధరాత్రైనా ఎమర్జెన్సీకి వెళ్ళు. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మెడ తిప్పించుకోవడం అన్న మాటే ఎత్తకు.

డల్లాస్‌లో ఉన్న మీ అక్క "అక్కడ యాక్సిడెంట్ అయితే అందరూ కైరో దగ్గరికే వెళ్తారు" అని చెప్పిందట కదా. అక్కడి సంగతి వేరు. అక్కడ దానికో నాలుగేళ్ళ డిగ్రీ, ప్రతి రాష్ట్రంలోనూ లైసెన్సు, కారు ఇన్సూరెన్సు వాళ్ళు కూడా కొంత కడతారు. అసలు ఈ వైద్యం మొదలైందే అమెరికాలో, 1895లో, అయోవా రాష్ట్రంలో పామర్ అనే ఆయనతో. వెన్ను సర్దితే ఒక చెవిటి మనిషికి వినిపించిందని చెప్పుకున్నాడాయన, నేనైతే నమ్మను. మన దేశంలో ఫిజియోథెరపీకి 2021లో చట్టం వచ్చింది గానీ, కైరోప్రాక్టర్లకి అలాంటి లైసెన్సు పద్ధతి లేదు. నిజంగా బయటి దేశంలో చదివొచ్చినవాళ్ళూ ఉన్నారు, వారాంతం కోర్సు చేసి బోర్డు పెట్టినవాళ్ళూ ఉన్నారు, బోర్డు మీద మాత్రం ఇద్దరూ డాక్టర్లే. ఎక్కడ చదివారు, ఎన్నేళ్ళు చదివారు అని మొహమాటం లేకుండా అడుగు. మంచివాళ్ళు చెప్తారు.

రీల్స్‌లో మైకు పెట్టి వినిపించే ఆ టక్ టక్ చప్పుడుంది చూశావా, అది ఎముక చోటులోకి వచ్చిన చప్పుడు కాదురా. కీలులో ఉండే ద్రవంలో గ్యాసు చేసే చప్పుడు, మనం వేళ్ళ మెటికలు విరుచుకుంటే వచ్చేదే. చప్పుడు వచ్చినంత మాత్రాన బాగైనట్టూ కాదు, రాకపోతే పని జరగనట్టూ కాదు. ఇంకోటి, మెదడుకి రక్తం తీసుకెళ్ళే ధమనులు రెండు మెడ ఎముకల్లోంచే పైకెళ్తాయి. మెడని విసురుగా తిప్పినప్పుడు వాటి గోడ చీలి పక్షవాతం వచ్చిన కేసులున్నాయి. చాలా అరుదు, నిన్ను భయపెట్టాలని కాదు. కానీ గుద్దుకున్నప్పుడే ఆ గోడ దెబ్బతిని ఉంటే?

రిపోర్టులన్నీ బాగున్నాయని డాక్టరు రాసిచ్చాక వెళ్ళాలనిపిస్తే వెళ్ళు. నేను రెండోసారి వెళ్ళినావిడ ముప్పావుగంట ప్రశ్నలే అడిగింది, ఎంఆర్‌ఐ ఫిల్మ్ వెలుతురుకి పెట్టి చూసింది, నా రిఫ్లెక్సులు చూసి "మీ మెడని నేను తిప్పను" అంది. వీపు పైభాగం మెల్లగా కదిలించి, గడ్డం వెనక్కి లాగే ఎక్సర్‌సైజు నేర్పి పంపింది. ఆరుసార్లు వెళ్ళాను, అంతే. మొదటిచోట మాత్రం కూర్చోగానే 24 సిట్టింగుల ప్యాకేజీ కాగితం ముందు పెట్టారు, ఈరోజు కడితే డిస్కౌంట్ అట, చీరల షాపులాగా. అలాంటి కాగితం కనిపిస్తే లేచి వచ్చెయ్. నాలుగైదు సార్లకి ఏమీ తేడా లేకపోతే ఆరోసారి వెళ్ళకు.

కాగితాల విషయం కూడా చెప్తాను, మీ నాన్న దీనికి ఒప్పుకోడని తెలుసు. హాస్పిటల్లో రోడ్డు యాక్సిడెంట్ అనే చెప్పు, పోలీసులతో ఎందుకొచ్చిన గొడవ అని బాత్రూంలో జారిపడ్డానని చెప్పకు. వాళ్ళు ఎంఎల్‌సీ (పోలీసులకి తెలియజేసే మెడికో-లీగల్ కేసు) రాసుకుంటారు, రాసుకోనీ. రేపు నొప్పి ఆర్నెల్లు సాగితే క్లెయిమ్ వెయ్యడానికి ఆధారం అదే, ఒకసారి జారిపడ్డానని రాయిస్తే ఇక దాన్ని మార్చడం నీ తరం కాదు. 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనలో యాక్సిడెంట్ అయిన 6 నెలల్లోపు యాక్సిడెంట్ పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌కి వెళ్ళాలని ఉంది, కాబట్టి చూద్దాంలే అనుకోకు. ప్రతి బిల్లూ ఒక కవర్లో వెయ్యి, ఆటో డబ్బులతో సహా రాసిపెట్టు. కైరో బిల్లుకి హెల్త్ పాలసీ వాళ్ళు డబ్బులిస్తారని మాత్రం ఆశపడకు.

డాక్టరు ఎముకకేం కాలేదని చెప్పాక మెడకి కాలర్ పెట్టుకుని కదలకుండా పడుకోకు. మెల్లగా కదిలిస్తూ ఉండాలి, ఎక్కువ రోజులు కట్టేస్తే మెడ ఇంకా బిగుసుకుంటుంది. ఒక్క తలగడ చాలు. ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకోకుండా నాలుగు పుస్తకాల మీద పెట్టుకో. స్కూటర్ ముట్టుకోకు, మీ లేఅవుట్ హంపులు బాగున్న మెడనే పాడుచేస్తాయి. కారు బాగై వచ్చాక హెడ్‌రెస్ట్ పైకి లాగు, దాని పైఅంచు నీ నడినెత్తి దాకా రావాలి. మొన్న నీ కారు ఎక్కినప్పుడు చూశాను, నీ మెడ దగ్గరే ఉంది అది, చెప్దామనుకుని మర్చిపోయాను.

సోమవారం పొద్దున తొమ్మిదింటికి నేనే కారు తెస్తాను, నువ్వు కింద గేటు దగ్గర ఉండు. అత్తయ్య ఇడ్లీ కట్టిస్తానంది, క్యూలో తిందాం. మీ అమ్మకి ఫోన్ నేను చేస్తాను.

మీ మావయ్య